అట్టలేని చందమామ



గోపాలపట్నంలో మా వీధి చివర పాత ఇనుము, పాత పేపర్లు కొనే కొట్టు ఒకటుంది. ఆదివారం పొద్దున్న కాఫీ తాగి నేను అక్కడికి వెళ్తాను. కొట్టాయనకి నా రాక అలవాటైపోయింది. "ఏటి మేస్టారూ, మళ్ళీ వచ్చీసేరా? ఈ వారం సెందమామలేవీ తగల్లేదండి. అటు మూల ఓ గోతం ఉంది, సూసుకోండి" అంటాడు. నేను పంచె ఎగ్గట్టి ఆ గోతం ముందు చతికిలబడతాను. పదో తరగతి గైడ్లు, శుభలేఖలు, కరెంటు బిల్లులు, రైల్వే టైంటేబుళ్ళు. వాటి అడుగున ఎప్పుడో గాని నాక్కావలసింది తగలదు.

కిందటి వేసవిలో ఒకటి తగిలింది. ముందు అట్ట లేదు, వెనక అట్ట లేదు, మొదటి పేజీ కూడా లేదు. పిన్నులు తుప్పుపట్టి వాటి చుట్టూ కాగితం డికాషన్ రంగుకి తిరిగింది. మన విశాఖ ఉప్పుగాలి సంగతి మీకు తెలిసిందే. కిటికీ ఊచల్నే వదలదు, పుస్తకం పిన్నుల్ని వదులుతుందా! చేతిలోకి తీసుకోగానే అది చందమామ అని తెలిసిపోయింది. ఏ సంవత్సరం, ఏ నెల అన్నదే తేలాలి.

అది తేల్చడం ఒక విద్య. ముందు సీరియల్ పేజీ తీస్తాం. సీరియల్ పేరుతో పాటు ఎన్నో భాగమో అంకె వేసి ఉంటుంది. ఆ సీరియల్ ఏ నెలలో మొదలైందో తెలిస్తే ఇక వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడమే. నాకు దొరికినదాన్లో ఆ పేజీలే లేవు. ఎవరో బ్లేడు పెట్టి శుభ్రంగా కోసుకుపోయారు. పోనీ బేతాళకథ చూద్దామా అంటే దానివల్ల లాభం లేదు. విక్రమార్కుడు ప్రతి నెలా అదే చెట్టెక్కుతాడు, అదే శవాన్ని భుజాన వేసుకుంటాడు. చివరి పేజీలకి వెళ్ళాను. అక్కడ ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది, గుర్తుందా? రెండు ఫోటోలు వేసి, రెంటికీ పొందిక కుదిరేలా చిన్న వ్యాఖ్యలు పోస్టుకార్డు మీద రాసి పంపమనేవారు. ఆ షరతుల్లో ఫలానా నెల ఫలానా తేదీలోగా కార్డులు అందాలని ఉంటుంది. చీమతలకాయంత అక్షరాల్లో నెల దొరికింది. అక్కడే అంతకుముందు పోటీలో నెగ్గిన వ్యాఖ్యలు, ఫోటోలు ఉన్నాయి. అవే ఫోటోలు మా దగ్గరున్న ఏ సంచికలో పోటీకి పెట్టారో వెతికితే సంవత్సరం కూడా తేలింది. 1974. పెన్సిల్‌తో మూల రాసి పెట్టుకున్నాను.

మా దగ్గర అన్నాను. మా అంటే నలుగురం. నేను బడిపంతులుగా రిటైరయ్యాను. ఒకాయన స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాడు. ఒకాయన మర్రిపాలెం డీజిల్ షెడ్డులో పనిచేసిన ఒడియా ఆయన, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నాలుగో మనిషి బ్యాంకులో పనిచేస్తున్న అమ్మాయి, మా అందరికంటే ముప్ఫై ఏళ్ళు చిన్నది, మా అందరికంటే మొండిది. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలుస్తాం. డబుల్స్ మార్చుకుంటాం. డబుల్స్ అంటే మన దగ్గర రెండేసి ఉన్న సంచికలు. మార్చుకోవడం అరగంటలో అయిపోతుంది. వాదన మాత్రం మధ్యాహ్నం భోజనాల దాకా సాగుతుంది.

దేని మీద వాదన? ఈ తరం పిల్లలు అవెంజర్స్ అనీ ఎక్స్‌-మెన్ అనీ వీరుల జట్ల గురించి కొట్టుకుంటారు చూడండి, సరిగ్గా అలాంటిదే. మాకూ జట్లున్నాయి. 'రాకాసిలోయ'లో కేశవుడూ జయమల్లూ. 'శిథిలాలయం'లో శిఖిముఖీ విక్రమకేసరీ. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మా జీవదత్తుడూ. 'మాయాసరోవరం'లో జయశీలుడూ సిద్ధసాధకుడూ. చూశారా, అన్నిట్లోనూ జంటే. ఒకడు కత్తికి ముందుండేవాడు, రెండోవాడు బుర్రకో మంత్రానికో పనిచెప్పేవాడు. ఒక్కణ్ణే పంపితే అడవిలో వాడు ఎవరితో మాట్లాడతాడు? ఇద్దరుంటేనే సంభాషణ, హాస్యం, ఒకడు చిక్కుకుంటే రెండోవాడు విడిపించే అవకాశం. దారిలో ఒక భిల్లు నాయకుడో, మంచి రాక్షసుడో, ఏనుగో వచ్చి చేరేవి. సీరియల్ నడిచేకొద్దీ జట్టు పెరిగేది. కథ అయిపోయేది, చాలాసార్లు వీరులు మారేవారు, వచ్చే సీరియల్లో మళ్ళీ కొత్త జంట. వీటన్నిటినీ ఒకే పెద్ద కథగా చదువుకున్నవాళ్ళం మేం. ఏ జంట గొప్పదంటే మా స్టీల్‌ప్లాంటు మిత్రుడు 'రాకాసిలోయ' దాటి ఒక్క అడుగు వెయ్యడు. నా ఓటు ఖడ్గ జీవదత్తులకి. కారణం తర్వాత చెప్తాను.

ఈ సీరియళ్ళు రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఇప్పుడీ పేరు ఇంత సులువుగా చెప్తున్నాను గాని, చదివే రోజుల్లో మాకెవరికీ తెలీదు. ఎందుకంటే సీరియల్ మీద ఆయన పేరు వేసేవారు కాదు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. 1952లో దాసరి అందులో చేరారు. 1954లో 'తోకచుక్క' మొదలైంది. ఏకాక్షి అనే మాంత్రికుడూ, చతుర్నేత్రుడనే మాంత్రికుడూ, వాళ్ళ మధ్య నలిగిపోయే సమరసేనుడూ. అక్కణ్ణుంచి 1978లో మొదలైన 'భల్లూక మాంత్రికుడు' దాకా డజను సీరియళ్ళు. ఒక్కదాని మీదా పేరు లేదు. సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారే ఇవన్నీ రాస్తున్నారని చాలామంది అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. క్లాసులో పిల్లలకి చెప్పాను కూడా. ఆ పిల్లల్లో ఎవరైనా వింటూంటే దిద్దుకోండి.

పేరు లేని రచయితని గుర్తుపట్టడం కూడా అభిమానులు చేసిన పనే. విజయబాపినీడు గారి 'బొమ్మరిల్లు' పత్రికలో 'మృత్యులోయ' అని ఒక సీరియల్ వచ్చింది. చదవగానే ముక్కుకి తెలిసిన వాసన. అవే అడవులు, అదే నడక, ప్రతి భాగం చివర అదే పీటముడి. అది కూడా దాసరిదేనని ఆ తర్వాత తేలింది. దాసరి గారు చందమామలో అయిదు దశాబ్దాలకు పైగా పనిచేసి, 2010 జనవరిలో విజయవాడలో పోయారు. ఆయన సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చాయి, అట్ట మీద ఆయన పేరుతో. ఒక మనిషి పేరు అట్ట మీదికి రావడానికి అంతకాలం పట్టడం నాకు మింగుడుపడదు. పత్రిక పద్ధతి అది, అందరికీ ఒకటే పద్ధతి, నిజమే. అయినా మింగుడుపడదు.

ఒక సంగతి మా ఇళ్ళలో తరచు చెప్పుకుంటాం. చక్రపాణి గారికి ఈ మాంత్రికుల గోల మీద విసుగు పుట్టి, దాసరి సీరియల్ ఆపేసి బంకించంద్రుడి 'దుర్గేశనందిని' వేశారట. పత్రిక అమ్మకం పడిపోయిందట. దాంతో మళ్ళీ దాసరికే కబురు వెళ్ళిందట, 1966లో 'పాతాళదుర్గం' వచ్చిందట. బంకిం బాబు మీద నాకు గౌరవమే గాని, పదేళ్ళ వయసులో నేనైనా అదే తీర్పు ఇచ్చేవాణ్ణి.

ఈ పిచ్చి మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో 1940లో 'ఆల్‌స్టార్ కామిక్స్' అనే పత్రిక మూడో సంచికలో వీరులందర్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి 'జస్టిస్ సొసైటీ' అని జట్టు కట్టారు. అలాంటి వీరుల జట్లలో అదే మొదటిది. 1951లో ఆ జట్టు కథలు ఆగిపోయాయి. చిన్నప్పుడు వాటిని చదివిన జెర్రీ బెయిల్స్ అనే ఆయన పెద్దవాడై కూడా ఆ పాత సంచికల కోసం తిరుగుతూనే ఉన్నాడు. చివరికి కథలు రాసిన గార్డనర్ ఫాక్స్‌కే ఉత్తరం రాసి, ఆయన దాచుకున్న సంచికల్ని కొనుక్కున్నాడు. ఎలా దాచుకున్నాడంటారు? బైండు చేయించి! కొన్నాళ్ళకి మిస్సోరీ నుంచి రాయ్ థామస్ అనే కుర్రాడు అదే ఫాక్స్‌కి అదే కోరికతో రాశాడు. "నావి అమ్మేశాను, ఫలానా ఆయన దగ్గరున్నాయి, ఆయన్ని అడుగు" అని జవాబు. అప్పటికి డెట్రాయిట్‌లో కాలేజీ మేస్టారైన బెయిల్స్‌కీ ఈ కుర్రాడికీ అలా పరిచయమై 1961లో 'ఆల్టర్ ఈగో' అనే చిన్న పత్రిక పుట్టింది. పాత సంచికలు వెతుక్కునేవాళ్ళంతా దాని చుట్టూ చేరారు. ఆ థామస్ తర్వాత ఎక్స్‌-మెన్, అవెంజర్స్ కథలు తానే రాశాడు. ఎక్కడి డెట్రాయిట్, ఎక్కడి గోపాలపట్నం! ఈ కథ మా బ్యాంకు అమ్మాయి చెప్పినప్పుడు నాకు వెంటనే మా బైండు పుస్తకాలే గుర్తొచ్చాయి.

ఆ బైండు సంగతి కాస్త చెప్పుకోవాలి. మన ఇళ్ళలో పత్రిక దాచుకునే పద్ధతి ఏమిటి? పన్నెండు నెలల సంచికలు పోగేసి బైండరుకి ఇవ్వడం. ఆయన మొదటి పనిగా అట్టలు చింపి పక్కన పడేస్తాడు, మందం ఎక్కువైతే కుట్టు కుదరదని. ప్రకటనల పేజీలు తీసేస్తాడు. కుట్టేశాక మూడు వైపులా కటింగు మిషన్లో పెట్టి అంచులు కోస్తాడు. ఆ కోతలో పేజీ అంకెలు కూడా పోతాయి. చేతికి వచ్చేసరికి నల్ల కాలికో వీపుతో, బంగారు రంగు అక్షరాలతో దివ్యంగా ఉంటుంది. లోపల మాత్రం ఏది ఏ నెలదో దేవుడికెరుక. మా నాన్నగారు చేయించిన బైండు పుస్తకం ఒకటి నా దగ్గరుంది. దాని వీపు మీద 'చందమామ కథలు' అని ఉంది, సంవత్సరం లేదు. బైండరు అక్షరానికి ఇంత అని తీసుకునేవాడు. మా నాన్నగారు రైల్వే గుమాస్తా, అక్షరాలు లెక్కపెట్టుకునే మనిషి.

ఇక రెండో రకం వాళ్ళు సీరియల్ ప్రియులు. వాళ్ళు సీరియల్ పేజీలు మాత్రం కోసి, వరసగా కుట్టుకుని, మిగతాది బజ్జీల బండికి ఇచ్చేశారు. మూడో రకం వాళ్ళకి లోపలి పేజీలతో పనే లేదు, వాళ్ళకి వడ్డాది పాపయ్య గారి అట్ట కావాలి. వ.పా. అని సంతకం పెట్టే ఆ మహానుభావుడు శ్రీకాకుళంలో పుట్టి, విజయనగరంలో డ్రాయింగు మేస్టారుగా పనిచేసి, చివరికి మన అనకాపల్లి పక్కన కశింకోటలో స్థిరపడి 1992 డిసెంబరులో పోయారు. మనవాడు. అందుకే ఈ జిల్లాల్లో ఆయన అట్టలకి గిరాకీ ఎక్కువ. ఎంతమంది ఇళ్ళలో చూశాను, దేవుడి పటాల వరసలో చందమామ అట్టకి అద్దం కట్టించి పెట్టుకున్నారు. మా బ్యాంకు అమ్మాయి ఈ మూడో రకమే. ఒకసారి నా దగ్గరున్న సంచిక అట్ట అడిగింది. "అట్ట ఇస్తాను, నీ దగ్గరున్న లోపలి పేజీలు ఇస్తావా?" అన్నాను. "లోపలివి మా అమ్మ పారేసింది మావయ్యా" అంది. వాళ్ళమ్మ మీద కోపం వచ్చింది గాని, ఆవిడ తమ పెరట్లోంచి ఇచ్చిన పనసకాయ గుర్తొచ్చి ఊరుకున్నాను.

అంటే చెదలూ వెండిపురుగులూ చేసిన నష్టం ఒక ఎత్తు, మనం ముచ్చటపడి చేసిన నష్టం ఇంకో ఎత్తు. ఏమీ ముచ్చట లేని ఇంట్లో, అటక మీద పడేసి మరిచిపోయిన ఇంట్లో, ఒక్కొక్కసారి పిన్ను కూడా కదలని సంచిక దొరుకుతుంది. మాకు దొరికిన మంచి ప్రతులన్నీ పిల్లలు లేని ఇళ్ళవే.

అటకలని నమ్ముకుందామంటే 2014 అక్టోబరు 12 ఉంది కదా. హుద్‌హుద్ తుపాను. రేకులు లేచిపోయిన ఇళ్ళు, పెంకులు లేచిపోయిన ఇళ్ళు. మా స్టీల్‌ప్లాంటు మిత్రుడిది పై అంతస్తు రేకుల గది, ట్రంకుపెట్టెలో 1960ల సంచికలు. ఆ గాలీవానలో పెట్టె అలాగే ఉంది, మూత లేదు. తెల్లారి చూస్తే సంచికలన్నీ ఒకే ముద్ద. ఆయన వాటిని ఒక్కొక్క పేజీ విడదీసి, దండేల మీద లుంగీల పక్కన ఆరేశాడు. నాలుగు రోజులు కరెంటు లేదు, నీళ్ళు లేవు. వీధిలోవాళ్ళు బిందెలు పట్టుకుని పరిగెడుతూంటే ఈయన రాక్షసుల బొమ్మలు ఆరబెడుతున్నాడు. వాళ్ళావిడ ఏమందో రేడియోలో చెప్పకూడదు. పదకొండు సంచికలు బతికాయి. చిత్ర అనే చిత్రకారుడు వేసిన బొమ్మల్లో రంగులు ఒకదాన్లోకి ఒకటి దిగాయి, అయినా గీత చెక్కుచెదరలేదు. తడిసినవాటిని ఎండలో పెట్టకండి, నీడలో గాలికి ఆరనివ్వండి. తుప్పుపట్టిన పిన్నులు తీసేసి దారంతో కుట్టండి. దయచేసి సెల్లోటేపు అంటించకండి, పదేళ్ళకి అది పసుపుపచ్చగా మారి కాగితాన్ని కూడా తనతో తీసుకుపోతుంది.

ఖడ్గ జీవదత్తులకి నా ఓటు ఎందుకో చెప్తానన్నాను. 'యక్షపర్వతం' 1972లో మొదలైంది. ఆ ఏడాది చివర జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. బందులు, హర్తాళ్ళు, ఎక్కడి రైళ్ళు అక్కడ ఆగిపోయాయి. మద్రాసు నుంచి రావలసిన కట్టలు రాలేదు. తర్వాత రైళ్ళు కదిలాయి, సంచికలు వచ్చాయి, కాని మధ్యలో ఒక నెలది మా ఏజెంటుకి అందనే లేదు. ముందు నెల సంచికలో జట్టు పీకలమీదికి వచ్చిన ప్రమాదంలో ఉంది. తర్వాతి సంచిక తీస్తే ఎంచక్కా ఇంకో చోట నడుస్తున్నారు. ఎలా బయటపడ్డారు? క్లాసులో ఎవరినడిగినా అదే మాట, మాకూ రాలేదని. ఎవడికి తోచినట్టు వాడు ఆ భాగం కల్పించి చెప్పుకున్నాం. నా కల్పనలో జీవదత్తుడి మంత్రదండం చాలా పనిచేసింది.

చాలా ఏళ్ళ తర్వాత మా ఒడియా మిత్రుడు వాళ్ళ ఊరునుంచి ఒక మూట తెచ్చాడు. ఒడియాలో చందమామని జహ్నమామూ అంటారు, 1956 నుంచి వచ్చింది. బొమ్మలన్నీ మనవే, అక్షరాలు గుండ్రంగా వాళ్ళవి. పేజీలు తిప్పుతూంటే నేనెన్నడూ చూడని బొమ్మ ఒకటి కనిపించింది. ఖడ్గవర్మని పోల్చుకున్నాను, జీవదత్తుణ్ణి పోల్చుకున్నాను. అదే ఆ భాగం. "చదవవయ్యా" అన్నాను. ఆయన ఒక్కొక్క వాక్యం ఒడియాలో చదివి తెలుగులో చెప్పాడు. గోపాలపట్నంలో ఒక వరండాలో, అరవై దాటిన ఇద్దరు మొగాళ్ళు, మధ్యలో కందిపప్పు బాగుచేసుకుంటున్న మా ఒడియా మిత్రుడి భార్య. ఆవిడ కూడా చేట పక్కన పెట్టి విన్నారు. జట్టు ఎలా బయటపడిందో తెలిసింది. నా కల్పనే బాగుందని ఆవిడ అన్నారు, అది వేరే సంగతి.

కథ తెలిసిపోయింది కదా, ఇంకా ఆ తెలుగు సంచిక ఎందుకని మా అబ్బాయి అడుగుతాడు. కంప్యూటర్లో పాత చందమామలన్నీ దొరుకుతాయి నాన్నా, చూసుకోవచ్చు కదా అంటాడు. చూశాను. అభిమానులు ఓపికగా పేజీ పేజీ ఎక్కించిన పుణ్యం అది, దండం పెట్టాలి. 2013లో పత్రిక ఆగిపోయాక అదే లేకపోతే కొత్తవాళ్ళకి చందమామ అన్నది వినికిడి మాటే అయ్యేది. కాని నాకు ఆ నెలలో మా ఏజెంటు సైకిల్ మీద తేవలసిన కాగితం కావాలి. మా అబ్బాయికి నేను సమాధానం చెప్పలేను.

శ్రోతల్లో ఎవరింట్లోనైనా, ముఖ్యంగా గోపాలపట్నం, పెందుర్తి, కంచరపాలెం, అనకాపల్లి వైపు, అటక మీదో మంచం కిందో పాత చందమామలుంటే ఒక్క మనవి. కాటాకి వేసేముందు వాటిని ఒకసారి తిరగేయండి. అట్టలు చింపకండి, పేజీలు కొయ్యకండి, బైండుకి ఇవ్వకండి. నెల తెలిస్తే పెన్సిల్‌తో మూల రాయండి, పెన్నుతో వద్దు. మీకు అక్కర్లేకపోతే దగ్గర్లో ఏ గ్రంథాలయానికైనా ఇవ్వండి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటివి మన పాత పత్రికల్ని కాపాడుతూ వచ్చినవే. ఇక 1972 చివర, 1973 మొదట్లో వచ్చిన సంచిక ఏదైనా కనిపిస్తే 'యక్షపర్వతం' పేజీలు ఉన్నాయో లేదో చూడండి. అట్ట లేకపోయినా ఫరవాలేదు, తడిసినా ఫరవాలేదు. గోపాలపట్నంలో పాత పేపర్ల కొట్టాయనకి చెప్పినా చాలు, నాకు అందుతుంది.